మే నెలలో స్టాంప్డ్ కాంక్రీటు వేయించవచ్చా?

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. పెద్దపల్లి దగ్గర కొత్త ఇల్లు. గేటు నుంచి పోర్టికో వరకు, ఇంటి పక్క సందుతో కలిపి 1,200 చదరపు అడుగుల ఆవరణ. నేల నల్లరేగడి. పచ్చి కాంక్రీటు మీద రాతి పలకల అచ్చు గుద్ది స్టాంప్డ్ కాంక్రీటు వేస్తానని కాంట్రాక్టరు చెప్పాడు. మే రెండో వారంలో మొదలుపెట్టి రెండు రోజుల్లో ముగిస్తానన్నాడు. జూన్‌లో మీ గృహప్రవేశం. ఒప్పుకోవాలా, లేక తాండూరు బండలతో సరిపెట్టుకోవాలా?

వేయించండి, కానీ మేలో వద్దు. కాంక్రీటు పోసే రోజు ఎండ గురించి మీకు చాలామంది చెప్పే ఉంటారు. ఆ ఎండను ఎలాగో తట్టుకోవచ్చు. అసలు చిక్కు ఆ తర్వాత నాలుగు వారాలకు వస్తుంది, దాని గురించి మీ కాంట్రాక్టరు మాట్లాడినట్టు లేదు. ముందు ఎండ సంగతి చూద్దాం.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని పెద్దలు అన్నారు. రాతి రోలు సంగతి ఏమోగానీ, అప్పుడే పోసిన కాంక్రీటు మాత్రం పగులుతుంది. కాంక్రీటు పోశాక అందులోని నీరు కొంత నెమ్మదిగా పైకి ఊరుతుంది. ఊరే నీటికన్నా ఆవిరయ్యే నీరు ఎక్కువైతే పైపొర కుంచించుకుపోయి చీలుతుంది. గంటకు చదరపు మీటరుకు ఒక కిలో నీరు ఆవిరయ్యే పరిస్థితి వచ్చిందంటే జాగ్రత్త పడాలని మా పనిలో లెక్క. గాలి 42 డిగ్రీలు, తేమ 20 శాతం, కాంక్రీటు వేడి 38 డిగ్రీలు, గంటకు 15 కిలోమీటర్ల వడగాలి అనుకుంటే ఆ లెక్క ఒకటిన్నర కిలోలు దాటుతుంది. మీ ఆవరణ సుమారు 111 చదరపు మీటర్లు. అంటే మధ్యాహ్నం ఒక్క గంటలో 150 లీటర్లకు పైగా నీరు మీ కళ్ల ముందే గాలిలో కలిసిపోతుంది. అదే తెల్లవారుజామున, గాలి తక్కువగా ఉండి కాంక్రీటు చల్లగా వస్తే, ఇందులో మూడోవంతు కూడా పోదు.

మామూలు నేలైతే ఈ చీలికలను తాపీతో మరోసారి రుద్ది మూసేయవచ్చు. అచ్చు గుద్దే నేలకు ఆ వెసులుబాటు లేదు. వేడిగాలికి పైపొర పెంకు కడుతుంది, కింద మాత్రం ఇంకా జావలాగే ఉంటుంది. ఆ పెంకు మీద అచ్చు పెట్టి గుద్దితే రాతి పలకల గీతల అంచున సన్నటి చీలికలు లేస్తాయి, అప్పడాన్ని వేలితో నొక్కినట్టు. పైన చల్లే రంగు పొడి కింద ఆ రోజు అవి కనిపించవు. రెండో రోజు కడిగాక బయటపడతాయి.

అచ్చు వేసే అదను తెలుసుకోవడానికి ఇప్పటికీ నేను నమ్మేది బొటనవేలినే. వేలితో గట్టిగా నొక్కితే పావు అంగుళం లోతు గుంట పడాలి, గుంట అంచులు చెదరకూడదు, వేలికి బురద అంటకూడదు. అంతకు ముందు గుద్దితే అచ్చు మునిగిపోయి అంచులు ఉబ్బుతాయి. ఆలస్యమైతే ఎంత బాదినా ముద్ర పడదు. శీతాకాలంలో ఈ అదను గంట, గంటన్నర దొరుకుతుంది. మే మధ్యాహ్నం ఇరవై నిమిషాలు దొరికితే అదృష్టం. నేను ఈ పని నేర్చుకున్నది మస్కట్‌లో. అక్కడ వేసవిలో రాత్రి పదకొండు దాటాక లైట్లు పెట్టుకుని పోసేవాళ్లం. కంకర కుప్పకు నీడ, కలిపే నీళ్లలో మంచుగడ్డలు, పక్కన గాలికి అడ్డంగా పరదాలు. అన్నీ ఉన్నా ఒక్కోసారి చెడిపోయేది.

ఇక్కడికి వచ్చాక నేను చేసిన పెద్ద తప్పు కూడా చెబుతాను. 2013 ఏప్రిల్‌లో నిజామాబాద్ వైపు ఒక ఫంక్షన్ హాలు ముందు భాగం ఒప్పుకున్నాను. ఉదయం ఆరింటికి రావాల్సిన రెడీమిక్స్ లారీ పదకొండున్నరకు వచ్చింది. వెనక్కి పంపాల్సింది. పంపలేదు, ఎందుకంటే అప్పటికే మనుషులకు కూలీ ఇచ్చి కూర్చోబెట్టాను, ఆ హాలులో పెళ్లి తేదీ కూడా దగ్గర పడింది. పోసిన అరగంటకే పైపొర బిగిసిపోతుంటే నా మనుషులు బకెట్లతో నీళ్లు చిలకరించి రుద్దడం మొదలుపెట్టారు. నేను చూస్తూనే ఊరుకున్నాను. ఆ నీటితో రంగు పొడి చక్కగా కలిసిపోయింది, అచ్చు కూడా అందంగా పడింది. యజమాని ఫోటోలు తీసుకుని సంతోషించాడు. మరుసటి ఏడాది వానలయ్యాక ఫోను చేశాడు. వెళ్లి తాళంచెవితో నేల మీద తట్టుకుంటూ నడిస్తే సగం చోట్ల డొల్ల శబ్దం. పైపొర బిళ్లలు బిళ్లలుగా ఊడుతోంది. చిలకరించిన ఆ నీరు పైన రెండు మూడు మిల్లీమీటర్లలో సిమెంటును పలచన చేసి ఆ పొరను చంపేసింది. పైపొర అంతా చెక్కించి నా ఖర్చుతో మళ్లీ వేశాను. అందుకే ఇప్పుడు నా పనిలో కాంక్రీటు పోసిన రోజు ఆవరణలో నీళ్ల బకెట్ కనిపించకూడదు. ఎండిపోతోందనిపిస్తే నీటి ఆవిరిని ఆపే ద్రావణం దొరుకుతుంది, దాన్ని మంచులా స్ప్రే చేస్తాం. నీళ్లు మాత్రం పోయం.

ఇక నేను ముందు చెప్పిన అసలు చిక్కు. స్టాంప్డ్ కాంక్రీటు మీద చివర్లో సీలర్ వేస్తారు. రంగుకు నిగారింపు, నూనె మరకల నుంచి కాపుదల ఆ పొర వల్లే వస్తాయి. దాన్ని కాంక్రీటు పోసిన 28 రోజుల తర్వాత, నేల లోపలి దాకా ఆరాక వేయాలి. మీరు మే 12న పోయిస్తే 28వ రోజు జూన్ 9. మృగశిర కార్తె. తొలకరి. నేల తడి, కింద మొరం తడి, గాలి తడి. ఆ తడి మీద సీలర్ వేస్తే లోపలి నీరు బయటికి రాలేక పొర కింద తెల్లగా పాలిపోతుంది. 28 రోజులు ఆగకుండా తొందరపడి మే చివర్లో వేస్తారా, కాలుతున్న నేల మీద సీలర్ బుడగలు లేస్తుంది. నేల 32 డిగ్రీలు దాటి వేడిగా ఉంటే నేను డబ్బా మూత కూడా తీయను. రెండు వైపులా దారి మూసుకుపోయినట్టే. జూన్ గృహప్రవేశానికి మెరిసే వాకిలి కావాలి కాబట్టి కాంట్రాక్టరు ఏదో ఒక రోజు కానిచ్చేస్తాడు. వర్షాకాలం ముగిసేసరికి మీ వాకిలికి పొలుసులు రాలుతుంటాయి.

మన ప్రాంతానికి సరైన వరుస ఇది: దీపావళి దాటాక, నవంబరు, డిసెంబరుల్లో పోయడం, సంక్రాంతి అయ్యాక, ఎండ ముదరకముందు సీలర్ వేయడం. పగలు గాలి నెమ్మదిగా, ఎండ తేలికగా ఉంటుంది. మేస్త్రీ కూడా అరవకుండా పని చేస్తాడు.

ఈలోగా మీకు చేతినిండా పని ఉంది, నేల కింద. నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోయి నెర్రెలు విడుస్తుంది. మీ కాంక్రీటు ఎంత గట్టిదైనా ఆ మట్టి ఊగిసలాటకు విరుగుతుంది. కనీసం ఒకటిన్నర అడుగులు తవ్వి తీసేసి, మంచి ఎర్ర మొరం ఆరు అంగుళాల పొరలుగా పోసి, ఒక్కో పొరకూ నీళ్లు చల్లి రోలరు తిప్పించండి. నీళ్లు చల్లాల్సిన చోటు ఇది. పక్కన వాలు, కాలువ లేకపోతే వాననీరు అంచుల నుంచి మొరం కిందికి దూరి మళ్లీ రేగడిని తడుపుతుంది. అందుకే అంచు వెంట కాలువ తప్పదు. పైన నేలకు కూడా వంద అడుగులకు కనీసం ఒక అడుగు వాలు, ఇంటి నుంచి బయటికి.

కాంక్రీటు మందం కారు తిరిగే చోట ఐదు అంగుళాలు, మిగతాచోట నాలుగు. కాంక్రీటు బలం ఎం25 గ్రేడుకు తక్కువ వద్దు. ఊచల జాలీని మొరం మీద పరిచి వదిలేస్తే అది ఉన్నా లేనట్టే. కవరు బ్లాకుల మీద, అంటే ఊచల కింద పెట్టే చిన్న దిమ్మెల మీద, పైకి లేపి, మందంలో పై మూడోవంతులో నిలబడేలా ఉంచాలి. కూలీలు తొక్కుతూ తిరిగి కిందికి నొక్కేస్తారు, కనుక పోసేటప్పుడు ఒక మనిషి దాన్ని చూసుకోవడానికే ఉండాలి. పాలీప్రొపిలీన్ ఫైబర్, అంటే సన్నటి ప్లాస్టిక్ పోగులు, ఘనపు మీటరుకు 900 గ్రాములు వేయించండి, మొదటి గంటల్లో వచ్చే సన్నటి చీలికలను అది బాగా ఆపుతుంది. త్వరగా గట్టిపడడానికి కాల్షియం క్లోరైడ్ కలుపుతామంటే ఒప్పుకోకండి. ఊచలు తుప్పు పడతాయి, రంగు మచ్చలు మచ్చలుగా తేలుతుంది. మీ బోరు నీటితో కలిపేట్టయితే ఒకసారి ల్యాబులో చూపించండి. ఊచలు వాడే కాంక్రీటుకు కలిపే నీటిలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు, సల్ఫేటు 400 దాటకూడదని కాంక్రీటు పనులకు మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 చెబుతోంది.

ఎంత జాగ్రత్తగా పోసినా కాంక్రీటు ఎక్కడో ఒకచోట పగలాలనే చూస్తుంది. ఎక్కడ పగలాలో మనమే గీసి చూపించాలి. మూడు మీటర్లకు ఒకటి చొప్పున, మందంలో నాలుగోవంతు లోతున, రాతి పలకల అచ్చు గీతలు వెళ్లే దారిలోనే కట్ వేస్తే కంటికి ఆనదు. శీతాకాలంలో మరుసటి ఉదయానికల్లా కటింగ్ మిషను రావాలి. పోర్టికో స్తంభాలు, సంపు మూత, గేటు దిమ్మె చుట్టూ అర అంగుళం ఫోమ్ పట్టీ పెట్టి కాంక్రీటును వాటికి అంటకుండా విడదీయాలి. స్తంభం మూల నుంచి ఏటవాలుగా పోయే పగులు ఈ పట్టీ మరిచిన చోటే వస్తుంది.

మీరు పంపిన కొటేషన్‌లో ఒక విషయం నన్ను ఆపేసింది. రంగు పొడి, అంటే కలర్ హార్డెనర్, 25 కిలోల సంచులు ఆరు అని రాశాడు. మొత్తం 150 కిలోలు. ఆ పొడి చదరపు మీటరుకు సుమారు మూడు కిలోలు పడాలి, లేత రంగైతే ఇంకా ఎక్కువ. మీ 111 చదరపు మీటర్లకు 330 కిలోలకు తగ్గకూడదు. సగం కూడా లేదు. అది రంగు మాత్రమే కాదు, సిమెంటు, గట్టి సన్న రాతిపొడి కలిసిన పైపొర. చక్రాల రాపిడిని తట్టుకునేది అదే. సగం పొడితో వేస్తే మొదటి రోజు తేడా తెలియదు, రెండేళ్లకు చక్రాల దారిలో బూడిద రంగు తేలుతుంది. కొటేషన్ సరిచేయమని అడగండి. అతను ఎలా జవాబిస్తాడో దాన్నిబట్టి మనిషి తెలిసిపోతాడు. రంగు ఐరన్ ఆక్సైడుదే కావాలని కూడా రాయించండి. కొన్ని చౌక రంగులు మన ఎండకు రెండు వేసవుల్లో వెలిసిపోతాయి. ఫోటోలో మీరు చూపించిన ముదురు బొగ్గు రంగు చూడముచ్చటగానే ఉంది, కానీ ఏప్రిల్ మధ్యాహ్నం చెప్పుల్లేకుండా దాని మీద కాలు పెట్టలేరు. ఇసుకరాయి రంగో, లేత గోధుమో ఎంచుకోండి.

పని రోజున మీరు అక్కడ ఉండండి. 111 చదరపు మీటర్లు ఒక్కసారిగా పోయించవద్దు. మూడు భాగాలుగా, రోజుకు ఒకటి. ప్రతి లారీకీ ఒకే నీరు, కాంక్రీటులో కలిపే రసాయనం ఒకే మోతాదు ఉండాలి, లేకపోతే పక్కపక్క భాగాలే వేర్వేరు రంగుల్లో కనిపిస్తాయి. పైకి ఊరిన నీరు పోయాకే రంగు పొడి చల్లాలి. దూరం నుంచి విసరకుండా, మోకాలి ఎత్తు నుంచి చేతిలోంచి జారవిడుస్తూ. మొదట మూడింట రెండు వంతులు. పొడి తానే కింది తడిని పీల్చుకుని రంగు ముదిరే దాకా ఆగి రుద్దాలి, ఆ తర్వాతే మిగతా వంతు. అచ్చు అంటుకోకుండా పైన మరో పొడి చల్లుతారు. అది ముద్ర లోతుల్లో ముదురు నీడలా నిలిచి రాతి పోలిక తెస్తుంది. చల్లేవాళ్లకు మాస్కు తప్పనిసరి. అచ్చులు కనీసం ఎనిమిది, గోడ వారకు వంగే మెత్తటి అచ్చు ఒకటి ఉన్నాయో లేదో ముందే లెక్క చూసుకోండి. నాలుగు అచ్చులతో వచ్చిన ముఠా వాటిని లేపి వేసుకుంటూ పోయేలోపు అదను దాటిపోతుంది. ఒకే అచ్చు ఒకే దిక్కులో పడుతూ పోతే నేల ముద్రించిన చీరలా కనిపిస్తుంది, తిప్పి తిప్పి వేయమనండి.

తర్వాత తడపడం. ఇక్కడ మనవాళ్లు నీటికి పిసినారులు. పోర్ట్‌లాండ్ పొజొలానా సిమెంటుకు (పీపీసీ) కనీసం పది రోజులు, వీలైతే పద్నాలుగు తడపాలి. రెండో రోజు అచ్చు పొడి కడిగేశాక తెల్లటి గుడ్డనో, జియోటెక్స్‌టైల్ షీటునో పరిచి ఎప్పుడూ తడిగా ఉంచండి. పాత గోనె సంచులు వద్దు, వాటి రంగు దిగి నేలకు మచ్చ పడుతుంది. ప్లాస్టిక్ షీటు ముడతలు కూడా ముడత ఆకారంలోనే నీడలు మిగులుస్తాయి. ఉదయం తడిపి సాయంత్రానికి ఎండనివ్వడం అన్నిటికన్నా చెడ్డది. తెల్లటి ఉప్పు మచ్చలు లేస్తే కంగారు పడకండి, సిమెంటులోని సున్నం బయటికి వస్తోంది. బాత్రూం యాసిడ్ మాత్రం పోయవద్దు. మచ్చతో పాటు రంగు కూడా పోతుంది. సీలర్ వేసేముందు పలుచటి ప్రత్యేక ద్రావణంతో బ్రష్ కొట్టి కడిగితే పోతాయి.

సీలర్ రెండు పలుచటి పూతలు. మందంగా ఒకే పూత వేస్తే పని తొందరగా అవుతుందని వేస్తారు, అదే ముందు పొలుసూడుతుంది. వానకు జారకుండా అందులో సన్నటి గరుకు పొడి కలపమనండి. మీ ఇంట్లో పెద్దవాళ్లున్నారని రాశారు, ఇది వదలకండి. వేశాక కనీసం మూడు రోజులు కారు ఎక్కించవద్దు. వేడి టైరు పచ్చి సీలర్‌ను పీక్కుపోతుంది.

రోజువారీ సంగతికి వస్తే, నేను ఇల్లాళ్లకు ముందే చెప్పే మాట ఒకటి ఉంది. కళ్లాపి చల్లే అలవాటు ఉంటే పేడనీరు ఆ అచ్చు గీతల్లో ఆరి పచ్చగా పేరుకుంటుంది. ముగ్గు కూడా గరుకు రాతి ముద్ర మీద సరిగ్గా సాగదు. గడప ముందు ఆరడుగుల మేర తాండూరు బండలు పరిపించండి. కళ్లాపికి, ముగ్గుకు, సంక్రాంతి గొబ్బెమ్మలకు ఆ చోటు ఉంటుంది. దీపావళికి చిచ్చుబుడ్లు, భూచక్రాలు స్టాంప్డ్ నేల మీద కాల్చవద్దు, సీలర్ కమిలి నల్లటి గుండ్రాలు మిగులుతాయి. నేరేడు చెట్టు పక్కనే ఉంటే పళ్లు రాలే కాలంలో రోజూ ఊడ్వాలి. నూనె చుక్క పడితే అదే రోజు సబ్బునీటితో తుడవాలి. సీలర్ మళ్లీ ఎప్పుడు వేయాలని క్యాలెండరు చూడనక్కరలేదు: మగ్గుతో నీళ్లు చిలకరించండి. చుక్కలు ముత్యాల్లా నిలిస్తే ఆగవచ్చు. తడిసిన చోటల్లా నేల నల్లబడితే సమయం వచ్చినట్టు. మన ఎండలో రెండు మూడేళ్లకు ఒకసారి వస్తుంది, అది కూడా వానలయ్యాక. మెరుపు కోసం ఏటేటా పూస్తూ పోతే పొర మందమై పసుపుబారుతుంది.

మీ అన్నయ్య అమెరికాలోని మినియాపొలిస్‌లో ఇదే వేయిద్దామనుకుంటున్నారని చివర్లో రాశారు. ఆయనకు నేను చెప్పినదాంట్లో సగం పనికిరాదు. అక్కడ శత్రువు గడ్డకట్టే నీరు. నీరు మంచైతే తొమ్మిది శాతం పెరుగుతుంది, కాంక్రీటు రంధ్రాల్లో ఆ పెరుగుదలకు చోటు లేకపోతే పైపొర పగిలి లేస్తుంది. అందుకే అక్కడి మిక్సులో సన్నటి గాలి బుడగలు కలిపి పోస్తారు, ఐదు నుంచి ఏడు శాతం. మొదటి శీతాకాలం మంచు కరగడానికి ఉప్పు చల్లకుండా ఇసుకతో సరిపెట్టుకోమనండి. అచ్చుపడ్డ పైపొరను ఉప్పు తినేసినంత త్వరగా మరేదీ తినదు.

ఇక జూన్ గృహప్రవేశం. ఇప్పుడే తవ్వించి మొరం మాత్రం పూర్తిగా వేయించండి. చుట్టాలు ఎర్ర మొరం మీద నడిచి వస్తారు, వాకిట్లో పందిరి వేస్తే ఎవరూ గమనించరు. ఈ వానాకాలమంతా మీ కారు, ఇటుకల లారీ, గ్యాస్ బండి దాని మీదే తిరగనివ్వండి. ఎక్కడ కుంగితే అక్కడ అక్టోబరులో మొరం నింపి మళ్లీ రోలరు తిప్పిస్తే సరిపోతుంది. ఆ కుంగుబాటు కాంక్రీటు పోశాక జరిగి ఉంటే బాగుచేయడానికి నాలాంటివాడు కావాల్సి వచ్చేది. దీపావళి అయ్యాక కొత్త కొటేషన్ తీసుకుని ఇక్కడ పెట్టండి, సంచుల లెక్క మళ్లీ కలిసి చూద్దాం.